ఐదు లైన్ల బోర్డు

ఆరో తారీఖు, సోమవారం

ప్రియమైన అక్కకి,

నీ వసపిట్ట రాస్తున్నది. కోల్డ్ స్టోరేజీలో చేరి నేటికి ఆరు నెలలు. గోదాము గదుల్లో గడ్డకట్టే చలి, ఆఫీసులో ఉక్కపోత. ఉండటానికి ఆవరణలోనే ఇచ్చిన నా గదికి కిటికీ ఉంది, తెరిస్తే ఎదురుగా గోడ. చెయ్యి చాపితే అందుతుంది. గేటు దాటాలంటే చీటీ కావాలి, చీటీ మీద మేనేజరు సంతకం కావాలి, సంతకానికి ఆయన మనసు బాగుండాలి. ఆయన మనసు బాగున్న రోజు నేనింకా చూడలేదు. రెండేళ్లు నిండేదాకా నా సర్టిఫికెట్లు ఆయన బీరువాలోనే ఉంటాయని తెలిసే సంతకం పెట్టాను కదా, ఇప్పుడు ఎవర్ని అని ఏం లాభం?

ఆయనకి నేను కత్తెర అని పేరు పెట్టుకున్నాను. ఏ కాగితం ఇచ్చినా ముందు "ఎక్కువైంది" అంటాడు, తర్వాత చదువుతాడు. ఇప్పుడు గదుల తలుపులకి జాగ్రత్తల బోర్డులు కావాలట. ఇక్కడి కూలీలది తలో భాష. అందరికీ కాస్తో కూస్తో తెలిసింది ఇంగ్లీషే కాబట్టి ఇంగ్లీషులో రాయాలి. రేకు మీద ఐదు లైన్లే పడతాయి. "అన్నీ ఒకే పద్ధతిలో ఉండాలి, పొట్టిగా ఉండాలి" అన్నాడు. నేను మెకానిక్ పెద్దాయన్ని అడిగి రాస్తే ఏడు వచ్చాయి, అవీ అష్టవంకర్లు. ఈ కాగితం మీదే దిద్ది పంపవా? బావని అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ చెల్లి


పదకొండో తారీఖు

ఓసి నా వసపిట్టా,

నీ ఏడు వాక్యాలూ చదివి బావా నేనూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం. మూడు ఆజ్ఞలు, రెండు సలహాలు, ఒక ఫిర్యాదు, ఒక కథ! ఒకడు నిలబడి, ఒకడు కూర్చుని, ఇంకొకడు పడుకుని గ్రూపు ఫోటో దిగినట్టుంది. జాబితా అన్నాక మొదటి లైను పని చెప్పే మాటతో మొదలైతే చివరిదాకా అలాగే మొదలవ్వాలి. తీసేసినా అర్థం చెడని మాటని తీసెయ్యాలి. నీకు పదేళ్లప్పుడు చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను.

ఎర్ర సిరాతో దిద్ది, శుభ్రంగా ఎత్తి రాశాను. చూసుకో:

వేర్ ద కోట్.
చెక్ ద లైట్.
స్టాక్ ద బాక్సెస్.
క్లియర్ ద డోర్‌వే.
క్లోజ్ ద డోర్.

ఎలా ఉంది? ఏ లైనూ మూడు మాటలు దాటలేదు. నీ ఆరో నంబరు చాంతాడంత ఉంది. "మూడో గది తలుపు లోపలినుంచి తెరుచుకోదు కాబట్టి ఎవరైనా లోపల ఉంటే మరొకరు బయట నిలబడి ఉండటం మంచిదని మెకానిక్ గారు చెబుతున్నారు..." ఏమిటే ఇది? తలుపు చెడిపోతే బాగుచేయించుకోవాలి గానీ బోర్డు మీద రాసుకుంటారా ఎవరైనా? కొట్టేశాను. నీ చిత్తు ప్రతి నా దగ్గరే ఉంచుకుంటున్నాను, జాబితా ఎలా రాయకూడదో ట్యూషన్ పిల్లలకి చూపించాలి.

వేళకి తిను. గోడతో మాట్లాడకు, జవాబు చెప్పడం మొదలుపెడితే కష్టం.

నీ అక్క


ఇరవయ్యో తారీఖు

ప్రియమైన అక్కకి,

కత్తెర జీవితంలో మొదటిసారి "ఎక్కువైంది" అనలేదు! బోర్డులు రాయించేశారు. గది బయట ఒకటి, లోపల ఒకటి. బయటివి ఇవాళ తగిలించారు. నల్ల రేకు మీద తెల్ల అక్షరాలు, చూడముచ్చటగా ఉన్నాయి. లోపలివి నన్నే దగ్గరుండి తగిలించమన్నాడు.

మెకానిక్ పెద్దాయన మాత్రం బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డాడు. "బాగుందమ్మాయ్. మరి బయట మనిషి సంగతేది?" అన్నాడు. తలుపే బాగుచేయిద్దాం పెద్దాయనా అని చెప్పి రిపేరు చీటీ రాసి కత్తెరకి ఇచ్చాను. ఆయన దాన్ని బల్లమీద గాజు కింద పెట్టాడు. ఆ గాజు కిందికి వెళ్లిన కాగితం మళ్లీ గాలి పీల్చదు.

ఈ నెల గేటు చీటీ అడిగాను, ఇవ్వలేదు. ఒక్కోసారి నా గదిలో కూర్చుంటే ఊపిరాడనట్టు ఉంటుందక్కా. నీకు తప్ప ఎవరికి చెప్పుకోను?

నీ చెల్లి


మరుసటి నెల ఇరవై రెండు

చెల్లీ,

నెల దాటింది, ఉత్తరం ముక్క లేదు. రెండు రాశాను, రెండిటికీ జవాబు లేదు. పోస్టుమాన్ మన వీధి మలుపు తిరగ్గానే బావ గేటు దగ్గరికి వెళ్లి నిలబడుతున్నాడు, నేను వెళ్తే పోస్టుమాన్ భయపడుతున్నాడని.

నీ జాబితా మా ట్యూషన్ పిల్లలకి కంఠతా వచ్చేసింది. ఒకామె తన కూతుర్ని చేర్పించడానికి వచ్చి, గోడ మీద ఆ ఐదు లైన్లూ చూసి "ఇలా నేర్పేవాళ్లు ఎక్కడున్నారండీ" అంది. పొంగిపోయాను. కానీ నువ్వు పలక్కపోతే ఆ పొంగు ఎంతసేపు? ఒక్క లైను రాయి. అది వంకరగా ఉన్నా దిద్దను.

నీ అక్క


ఇరవై తొమ్మిది

ప్రియమైన అక్కకి,

టైపు నేర్చుకుంటున్నాను, అందుకే ఈ ఉత్తరం ఇలా వచ్చింది. కంగారు పడకు.

ఇక్కడొక ప్రమాదం జరిగింది. మూడో గదిలో ఒకరు ఇరుక్కుపోయారు. యాభై నిమిషాలు. తలుపు మూసుకోకుండా గడపలో చెక్కపెట్టె అడ్డం పెట్టే లోపలికి వెళ్లారు. కొత్తగా చేరిన లోడరు అటుగా వచ్చి బోర్డు చదివాడు. నాలుగో లైను ప్రకారం అడ్డం ఉన్న పెట్టె తీశాడు. ఐదో లైను ప్రకారం తలుపు మూశాడు. టీకి వెళ్లిపోయాడు. పాపం, వాడి తప్పేమీ లేదు, మన జాబితాని అక్షరం పొల్లు పోకుండా పాటించాడు.

ప్రాణం దక్కింది. కుడిచేతి రెండు వేళ్ల చివర్లు తీసేశారు.

కత్తెర ఒక కాగితం తెచ్చాడు. బోర్డులో జాగ్రత్తలన్నీ స్పష్టంగా ఉన్నాయి, లోపల ఉన్న మనిషే వాటిని పాటించలేదు అని దాని సారాంశం. బోర్డు రాసినదాన్ని కాబట్టి నేను సంతకం పెట్టాలట. పెడితే సర్టిఫికెట్లు చేతిలో పెట్టి, మిగిలిన కాలం మాఫీ చేసి, గేటు దాకా తనే వచ్చి సాగనంపుతానన్నాడు. పెట్టకపోతే ఇంకో పదహారు నెలలు ఇక్కడే, ఈ గోడకి ఎదురుగా.

ఈ ప్రమాదం సంగతి విచారించడానికి తనిఖీ అధికారి వచ్చే గురువారం కాదు, ఆ పై గురువారం వస్తున్నాడు. ఈలోగా చెప్పు. నువ్వు ఏది చెబితే అది చేస్తాను.

నీ చెల్లి


రెండో తారీఖు

నా బంగారు తల్లీ,

నీ ఉత్తరం చదివి అన్నం ముట్టలేదు. ఆ లైను కొట్టేసిన చెయ్యి నాది. ఆ మాట బావతో కూడా అనలేకపోయాను.

అయినా అమ్మ పోయిన నాటినుంచి నిన్ను పెంచినదాన్ని, ఉన్నమాట రాస్తాను. సంతకం పెట్టేసి వచ్చెయ్. నన్ను తిట్టుకో, కానీ వచ్చెయ్. అతను ప్రాణాలతో బయటపడ్డాడుగా. పోయిన వేళ్లు నీ సంతకంతో రావు, నువ్వు అక్కడ కుళ్లినా రావు. బతికుంటే బలుసాకు తిని బతకొచ్చు. నువ్వు ఊపిరాడటం లేదని రాశాక నాకు న్యాయాన్యాయాలు తోచడం లేదు. అతనెవరో నాకు తెలియదు, నువ్వు నాకు తెలుసు.

బస్సు దిగే రోజు రాయి. బావ వస్తాడు.

నీ అక్క


ఆరో తారీఖు

అక్కా,

ఎడమచేత్తో రాస్తున్నాను. ఈ కాగితానికి రెండు రోజులు పట్టింది. టైపు నేర్చుకుంటున్నానని రాసింది అబద్ధం. నేను చెబుతుంటే గుమాస్తా కొట్టిపెట్టాడు.

నువ్వు తెలియదన్న ఆ మనిషిని నేనే.

నీకు చెప్పకూడదనుకున్నాను. లైను కొట్టేసింది నువ్వని నువ్వు కుమిలిపోతావు, నాకు తెలుసు. కానీ సంతకం పెట్టెయ్యమన్న నీ ఉత్తరం చదివాక దాచలేకపోయాను. కోపంతో కాదక్కా. నువ్వు అంత ప్రేమగా నా మీదే తప్పు మోపే కాగితానికి సంతకం పెట్టమన్నావు. ఇంకొకరి అక్క కూడా ఇలాగే చెప్పి ఉండేది కదా అనిపించింది.

లోపలి బోర్డు తగిలించడానికి వెళ్లాను. మేకు కొట్టాను, బోర్డు తగిలించాను, వెనక తలుపు మూసుకున్న చప్పుడైంది. తలుపు బాదాను, అరిచాను. ఆ చలిలో చూడటానికి ఆ బోర్డు తప్ప ఇంకేమీ లేదు. ఐదు లైన్లూ మళ్లీ మళ్లీ చదివాను. ఒక్క మాట వంకర లేదు, ఒక్క మాట ఎక్కువ లేదు. బయటపడే దారీ లేదు. అప్పుడు నా ఆరో నంబరు పొట్టిగా వచ్చేసింది: కీప్ వన్ పర్సన్ అవుట్‌సైడ్. నాలుగే మాటలు. నీ పద్ధతిలోనే ఉంది కూడా. కొట్టెయ్యకుండా దిద్ది ఉండొచ్చు. కానీ ఆ తలుపు సంగతి తెలిసి కూడా బోర్డు అందంగా ఉందని మురిసి ఊరుకున్నదాన్ని నేను. తప్పులో సగం నాది.

మధ్యాహ్నం హాజరు లెక్కలో నేను కనబడకపోతే మెకానిక్ పెద్దాయన వెతికి తలుపు తీశాడు.

కత్తెర కాగితం మీద సంతకం పెట్టను. గాజు కింద ఉన్న రిపేరు చీటీ మాయమైంది. అలాంటి చీటీ తను చూడలేదంటున్నాడు, బయట మనిషి ఉండాలని ఎవరికీ తెలియదంటున్నాడు. తెలుసని చూపించే కాగితం లోకంలో ఒక్కటే ఉంది. నా చిత్తు ప్రతి, ఆరో నంబరు మీద నీ ఎర్ర గీతతో. అది గురువారానికి అధికారి బల్ల మీద ఉండాలి. ఉంటే నీ పేరు వస్తుంది, నీ చేతిరాత వస్తుంది, నీ ట్యూషన్ పిల్లల తల్లిదండ్రులకి తెలుస్తుంది. నువ్వు పంపకపోయినా నేను ఏమీ అనుకోను. నిజంగా.

నీ చెల్లి


ఎనిమిదో తారీఖు

తల్లీ,

ఆ కాగితం పోస్టులో పంపను. దారిలో తప్పిపోతే?

రేపు ఉదయం బస్సుకి నేనే తెస్తున్నాను. ట్యూషన్ పిల్లల్ని పిలిచి ఎందుకు వెళ్తున్నానో చెప్పాను, దాచలేదు. ఇద్దరి తల్లులు అప్పుడే మానిపించారు. మానిపించనీ.

గేటు దగ్గర చీటీ అడుగుతారేమో. లేదంటాను, లోపలికి పంపేదాకా నిలబడతాను. అధికారి వచ్చాక, ఈ గీత ఎవరిదని ఆయన అడక్కముందే నాదేనని చెబుతాను. నువ్వు ఏ గదిలో ఉన్నా గురువారం దాకా తలుపు తెరిచి ఉంచుకో. బయట నేను ఉంటాను.

అక్క