కుడి వైపు తలుపు

మార్చి 2, ఉదయం

అక్క ఈ పొద్దున నా హెయిర్‌క్లిప్ పెట్టుకుని కాఫీ తాగుతోంది. అడగలేదు. అడిగితే ఇచ్చేదాన్నే. బహుశా అందుకే అడగదు.

మార్చి 3

పాత సినిమా రీళ్ళను కంప్యూటర్లోకి ఎక్కించే షాపులో నా ఉద్యోగం. మూడో అంతస్తు, కిటికీలకు నల్ల పరదాలు, డబ్బా మూత తీస్తే పాడైన ఫిల్మ్ వెనిగర్ వాసన. ఒక్కో ఫ్రేమూ చూసి గీతలూ మరకలూ గుర్తించడం నా పని. విమానాలు గుర్తించడం నా జబ్బు.

తెర మీద విమానం కనిపిస్తే నాకిక హీరో కనిపించడు. ఇంజన్లు ఎన్ని, ముక్కు మొద్దుగా ఉందా కోసుగా ఉందా, తోక దగ్గర ఏ అక్షరాలున్నాయి, ఇవే. హీరోయిన్ ఏడుస్తూ ఎక్కే విమానానికి నాలుగు ఇంజన్లు. మేఘాల్లోకి వెళ్ళేసరికి రెండే మిగులుతాయి. దిగేటప్పుడు అది ఇంకేదో కంపెనీ విమానం. కన్నీళ్ళు మాత్రం మారవు.

ఇవన్నీ భోజనాల దగ్గర అక్కకు చెప్పేదాన్ని. నేను ఇంట్లో నోరు తెరిచేది వాటి గురించే. అక్క వాటిని వీడియోలు చేసింది. ఇప్పుడు ఆమెకో చానెల్ ఉంది. చూసేవాళ్ళు ముద్దుగా విమానమ్మ అంటారు. ప్రతి వీడియోలోనూ ఒక మాట వస్తుంది: దీన్ని నేనెలా పట్టుకున్నానంటే.

నేను. ఆ మాట దగ్గర నాకు అన్నం దిగదు.

మార్చి 5

ఒక సినిమా కంపెనీ వాళ్ళు అక్కకు ఫోన్ చేశారు. పాత కాలం కథ తీస్తున్నారట. ఏ ఏడాదికి ఏ విమానం ఉండేదో, సెట్టు ఎలా వేయాలో చెప్పే మనిషి కావాలట. పద్నాలుగో తేదీ ఆదివారం అక్క చేసే లైవ్ చూసి మాట ఖాయం చేస్తారట. టైటిల్స్‌లో పేరు కూడా వేస్తారట.

అక్క అమ్మను పట్టుకుని వంటింట్లో గిరగిరా తిప్పింది. వదలవే, నడుం పట్టేస్తుంది అని అమ్మ అరుస్తూనే నవ్వింది.

మరి నేనో అన్నాను. ఎంత చిన్నగా అన్నానంటే రెండోసారి అనాల్సి వచ్చింది.

నువ్వొచ్చి ఏం మాట్లాడతావే తల్లీ అంది అక్క. గ్యాస్ అతను వస్తేనే తలుపు వెనక్కి పోతావు. నా వెనక సీట్లో కూర్చుని చెవిలో చెప్తూ ఉండు, మిగతాది నేను చూసుకుంటా అంది.

అమ్మ కూడా నవ్వింది. నిజమే కాబట్టి ఇంకా ఎక్కువ మండింది.

కాన్వెంట్‌లో సిస్టర్లు క్షమించడం గురించి వారం వారం చెప్పేవారు. మొదటి బెంచీలో కూర్చుని శ్రద్ధగా వినేదాన్ని. ఒక్క ముక్క ఒంటబట్టలేదు.

మార్చి 7

ఏమీ జరగలేదు. కోపం ఎక్కడ పెట్టింది అక్కడే ఉంది.

మార్చి 9

దొరికింది.

పేరు కూడా గుర్తుండని ఒక సినిమా. ఎయిర్‌పోర్టు షాటు రెండు క్షణాలు, విమానం మీది అక్షరాలేవీ ఫ్రేములో పడలేదు. ట్రైడెంట్ అనే పాత విమానం. దానికో వింత ఉంది. ముందు చక్రం సరిగ్గా మధ్యలో ఉండదు, కాస్త ఎడమకు జరిగి ఉంటుంది. ఈ షాటులో ఆ చక్రం కుడికి ఉంది.

ఎందుకంటే షాటు తిరగేసి ఉంది. అద్దంలో చూసినట్టు. అంతకుముందు షాటులో కారు కుడికి పోతోంది, విమానం ముక్కు కూడా అటే ఉండాలని ఎడిటర్ ఫిల్మ్ బోర్లా వేశాడు. మెట్లు కుడి వైపు తలుపుకి ఉన్నాయి. జనం విమానం ఎక్కేది ఎప్పుడూ ఎడమ వైపునుంచే. మెట్ల కింద నిలబడ్డ ముగ్గురి చొక్కాలకీ జేబులు కుడి వైపున్నాయి. విమానాల పిచ్చి ఉన్నవాళ్ళు మొదట నేర్చుకునే పాఠం ఇది: ముందు తలుపు ఏ వైపుందో చూడు, తర్వాత నోరు తెరువు.

అక్క నోరు ముందు తెరుస్తుంది.

ఏంటమ్మాయ్, గోడను చూసి నవ్వుతున్నావ్, ఒంట్లో బాగానే ఉందా అని ఓనరు అడిగారు. చాలా బాగుందండీ అన్నాను. ఆయన భయపడ్డట్టున్నారు. టీ తెప్పించారు.

మార్చి 10

చెప్పాను. ముందు చక్రం కుడికి ఉన్న ట్రైడెంట్ ప్రయోగం కోసం ఒక్కటే చేశారనీ, అది సినిమాలో ఉన్న సంగతి ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదనీ. అబద్ధం ఇంత హాయిగా వస్తుందని తెలియదు. ఒక్క మాట తడబడలేదు. గ్యాస్ అతని ముందు కూడా ఇలా మాట్లాడగలిగితే బాగుండేది.

నిజమా, ఒట్టేనా అంది అక్క. ఒట్టు అన్నాను. నా బుగ్గ గిల్లి, బంగారు కొండవే నువ్వు, ఇది ఆదివారానికి దాస్తా అంది.

రెండు క్షణాల ముక్క తీసుకుంది. తలుపు చూడలేదు. జేబులూ చూడలేదు.

మార్చి 13

అక్క రేపు వేసుకునే చొక్కా నేనే ఇస్త్రీ చేశాను. కాలర్ రెండు వైపులా. పడేటప్పుడు కూడా నలగకుండా ఉండాలి.

ఆమె వీడియోలకు కామెంట్లు రాసేవాళ్ళలో ఒక ముసలాయన ఉన్నాడు. రెక్కలాయన అంటారు అందరూ. తప్పు దొరికితే కాకిలా పొడుస్తాడు. లైవ్ సంగతి ఆయనకు ముందే తెలిసేలా చూశాను. దొంగ పేరుతో.

మార్చి 14, ఆదివారం, రాత్రి 8

ఆరింటికి మొదలుపెట్టింది. పక్క గదిలోంచి గొంతు గోడ దాటి వస్తోంది, నా ఫోన్‌లో కాస్త ఆలస్యంగా అదే గొంతు. నేను వంటింట్లో, స్టూలు మీద. పెళ్ళివారి ముందు కూర్చున్నట్టు చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను.

ట్రైడెంట్ చూపించింది. చక్రం చుట్టూ ఎర్ర సున్నా చుట్టింది. ప్రపంచంలో ఇది ఒక్కటే అంది. నా గుండె ఎంత తియ్యగా కొట్టుకుందో రాయడానికి సిగ్గేస్తోంది.

తర్వాత ఒక మాట చెప్పాలి అంది. దీన్ని పట్టుకుంది నేను కాదండీ, మా చెల్లెలు. మీరు దాన్ని చూడలేదు, అది ఎవరికీ కనబడదు. కానీ దాని కళ్ళు గద్ద కళ్ళు అంది. ఇంటిపేరుతో సహా నా పేరు చెప్పింది. స్పెల్లింగ్ తెర మీద వేసింది. మా చెల్లెలికి చప్పట్లు కొట్టండి అంది.

నాలుగు చప్పట్ల బొమ్మలు వచ్చాయి. ఐదోది రెక్కలాయన.

ఫిల్మ్ తిరగేశారమ్మా అని రాశాడు. కుడి తలుపునుంచి జనాన్ని ఎక్కించిన విమానం ఎక్కడైనా ఉందా, మీ గద్దకు ముందు కళ్ళజోడు కొనిపెట్టండి అన్నాడు.

ఇక ఆగలేదు. నా పేరు పట్టుకునే, ఒకరి తర్వాత ఒకరు.

అదే రోజు, కాసేపటికి

ఇన్నాళ్ళూ నావన్నీ తనవని చెప్పింది. ఈ ఒక్క తప్పుడుదాన్ని మాత్రం నాదని చెప్పింది. గొయ్యి తవ్వింది నేనే. కొలతలు కూడా నాకే సరిపోయాయి.

మార్చి 15

ఓనరు మళ్ళీ టీ తెప్పించారు. అది ఇంకా ఘోరం. పక్క సీటులోని స్కానింగ్ ఆయన మాత్రం తన కళ్ళజోడు తీసి, కావాలామ్మా అని అడిగాడు.

కావాలనే చేశానని చెప్పలేను. చెబితే పాముని. చెప్పకపోతే మొద్దుని. రోజంతా ఈ రెండింటి మధ్యే తిరిగాను.

సినిమా కంపెనీ వాళ్ళు రెక్కలాయన నంబరు అడిగారట. అక్కే ఇచ్చిందట.

అందరూ అక్క మీద జాలిపడుతున్నారు. పాపం, చెల్లెల్ని నమ్మింది అని. జాలి కూడా ఆమెకే పోయింది. నాకు మిగిలింది పళ్ళు కొరుక్కోవడం. అమ్మ వినేటట్టు కొరుకుతున్నాను.

అక్క ఇంకా ఫోన్ పట్టుకుని ఒక్కొక్కడికీ జవాబు రాస్తోంది. మా చెల్లి పొరబడదు, మీ టీవీయే తిరగేసి ఉంది అని రాసింది రెక్కలాయనకు. ఆయన నవ్వే బొమ్మ పెట్టాడు. నా పరువు ఇంకో మెట్టు దిగింది.

మార్చి 16

గిన్నెలు తోముతూ అమ్మ చెప్పింది. ఎన్నడూ లేనిది మొన్నే దాని పేరు ఎందుకు చెప్పావే, అంత మంచి ఛాన్స్ పోయింది కదా అని అక్కను అడిగిందట. ఏం ఇచ్చినా మొహం ముడుచుకుంటుంది, పుస్తకం కొంటే చదివేశా అంటుంది, ఇంకేం ఇవ్వమంటావ్ దానికి అందట అక్క.

మొన్న ఆదివారం నా పుట్టినరోజు.