చాట అంచు

2003 జూన్ 12, హైదరాబాదు

డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. క్యాన్సర్. మూత్రసంచి మొత్తం తీసేస్తారు, గర్భసంచి కూడా. పేగులో జానెడు ముక్క కోసి, దాని కొసను పొట్ట కుడివైపు బయటికి తెస్తారు. ఇక మూత్రం అక్కడి నుంచే. ఆపుకోవడం అనేది ఉండదు, చుక్కచుక్కగా కారుతూనే ఉంటుంది. దాని మీద బ్యాగ్ అంటించుకోవాలి. ఎన్ని రోజులు అని అడిగాను. బతికినన్ని రోజులు అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

రక్తం పడుతున్నదని ఏడు నెలలు ఎవరికీ చెప్పలేదు నేను. నెలసరే అని సరిపెట్టుకున్నాను. నా అంత మొద్దు ఇంకొకతి ఉండదు.

జూన్ 13

సిస్టర్ నన్ను పడుకోబెట్టి పొట్ట మీద పెన్నుతో గుండ్రంగా గుర్తు పెట్టింది. రంధ్రం అక్కడ వస్తుందట. ఆపరేషన్‌కు పది రోజుల టైముంది, ఇంటికి పోయి రోజూ ఎట్ల కూసుంటవో గట్ల కూసొని సూస్కో, అడ్డమొస్తే చెప్పు, జరుపుతం అన్నది. చెరిగిపోతే మళ్లీ దిద్దుకోమన్నది.

జూన్ 16, బాన్సువాడ

మెహబూబీ అక్క ఇంటి వరండాలో ఐదుగురం కూర్చుని బీడీలు చుడతాం. పద్దెనిమిదేళ్లుగా స్తంభం పక్కన చోటు నాది. ఇవాళ బాసింపట్టు వేసుకుని చాట ఒళ్లో పెట్టుకున్నాను. అంచు వచ్చి సరిగ్గా గుర్తు మీద ఆనింది. చాట ముందుకు జరిపితే తంబాకు చేతికి అందదు.

గుర్తు రెండు వేళ్ల మందం పైకి పెడితే చాలు. ఈ ఒక్క మాట చెప్పాలి.

జూన్ 23, హైదరాబాదు, ఆసుపత్రి

చెప్పలేదు.

జూన్ 24, ఉదయం 6

నిన్న డాక్టరు వెంట కుర్ర డాక్టర్లు ఏడెనిమిది మంది వచ్చారు, అందరూ మగపిల్లలే. కుచ్చిళ్లు దించమన్నారు. గుర్తు సరిగ్గానే ఉందా అమ్మా అని అడిగారు. గోడ దగ్గర నిలబడ్డ మా ఆయన, మీరేడ పెడ్తే గాడనే సారూ, గామెకేం ఎరుక అన్నాడు. నేను తలూపాను. సిస్టర్ నిన్న సెలవు.

ఇంకో గంటలో తీసుకెళతారు. ఇప్పుడైనా ఎవరినైనా పిలిచి చెప్పొచ్చు. నోరు రావడం లేదు. నా మీద నాకే కోపంగా ఉంది.

జూలై 9

ఇవాళ ధైర్యం చేసి చూసుకున్నాను. ఎర్రగా, తడిగా, బొటనవేలి కొసంత ఉంది. ముట్టుకుంటే ముట్టినట్టే తెలియదు. నా ఒంటి మీదే ఉంది, నాకు సంబంధం లేనట్టుంది. బ్యాగ్‌లో తెల్లగా జిగురు తేలితే భయపడొద్దన్నారు, పేగు గుణమట. సగం నిండకముందే కింది మూత తిప్పి పారబోయాలి. నీళ్లు బాగా తాగాలి. తాగితే మళ్లీ నిండుతుంది.

బ్యాగ్ అంటించడం నాకంటే ముందు మా ఆయన నేర్చుకున్నాడు. తిట్టుకుందామంటే ఇది అడ్డం వస్తున్నది.

సెప్టెంబర్ 2

మళ్లీ చాట పట్టాను. గంట గడవలేదు. అంచు నొక్కి నొక్కి బ్యాగ్ ఊడింది. తంబాకు, తునికాకు, చీర, అన్నీ తడిసిపోయాయి. వాసన. ఎవరి చాట వాళ్లు ఎత్తుకుని దూరం జరిగారు. మెహబూబీ అక్క బిందె తెచ్చి తనే వరండా కడిగింది. ఏం కాదు ప్రేమలా, ఫికర్ చెయ్యకు, ఇగ ఇంటికాడనే చేస్కో అన్నది.

మంచి మాటే. అయినా ఇంటికొచ్చేదాకా ఏడ్చాను.

సెప్టెంబర్ 19

చుట్టూ చర్మం ఒరిసిపోయింది. బ్యాగ్ అంటుకోవడం లేదు. గుడ్డలే కట్టుకుంటున్నాను.

నవంబర్ 5

ఎత్తు పీట మీద చాట పెట్టుకుని చుట్టి చూశాను. మునుపటిలో సగం కూడా కాలేదు, నడుము పట్టేసింది. రంధ్రం జరపాలంటే మళ్లీ పొట్ట కోయాలన్నారు. వద్దన్నాను.

2004 ఫిబ్రవరి 11

సిస్టర్ పంపిందంటూ పిట్లం దగ్గరి తండా నుంచి చాంద్రి అనే ఆమె వచ్చింది. అదే జబ్బు. వచ్చే వారం ఆపరేషన్. చెరకు కోతకు పోయే మనిషి. పొట్ట మీద గుండ్రంగా గుర్తు.

నా బ్యాగ్ తీసి చూపించాను. వాసన, ఒరుపు, గుడ్డలు, ఏదీ దాచలేదు. నొప్పి పోతుంది, బతుకుతావు అని కూడా చెప్పాను, అది నిజమే కాబట్టి. తర్వాత లంగా నాడా రోజూ కట్టుకున్నట్టే కట్టమన్నాను. నాడా గుర్తు మీదే వచ్చింది. మా అమ్మాయి వైశాలి బడి పెన్ను తీసుకుని రెండు వేళ్ల పైన ఇంకో సున్నా చుట్టాను. గీ మాట డాక్టరుకు నువ్వే చెప్పాలె అన్నాను.

మరి నువ్వు చెప్పలేదా అక్కా అని అడిగింది.

చెప్పలేదు, సిగ్గయింది అన్నాను. ఈ మాట పైకి అనడం ఇదే మొదటిసారి. తల ఎత్తితే గడపలో మా ఆయన నిలబడి ఉన్నాడు. గుర్తు చాటకు అడ్డమని నాకు ముందే తెలుసన్న సంగతి ఆయనకు ఇప్పటిదాకా తెలియదు.

ఫిబ్రవరి 12

మా ఆయన అన్నం తినలేదు. నాకన్న ఒక్క మాట చెప్పకపోతివి అన్నాడు, అంతే.

ఫిబ్రవరి 20

చాంద్రి చెప్పిందట, మగ డాక్టర్లందరి ముందు. రెండు వేళ్ల పైనే పెట్టారట.

నా పొట్ట మీద, రంధ్రానికి పైన, రెండు వేళ్లు పెట్టి చూసుకున్నాను. వాటి పైన చర్మం నున్నగా ఉంది.