మూడోనాడు మాడిన ఆకు

మన ఊరు (దర్శి దగ్గర),
నవంబరు 2009.

ప్రియమైన నా సైమా తల్లికి,

మీ అమ్మ రసూల్‌బీ రాసేది. ఫోన్‌లో నీ గొంతు వింటే ఏడుపు తప్ప మాట రావడం లేదు. అందుకే రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

మీ అన్న అయూబ్‌ని మట్టి చేసి వారం దాటాక మీ నాన్న చేలోకి వెళ్లాడు. మిరప అంతా నిప్పు చూపించినట్టు మాడిపోయి ఉందంట. పురుగు పోవాలని వాడు మూడు మందులు ఒకే డ్రమ్ములో కలిపి కొట్టాడని పక్క చేను యలమంద చెప్పాడు. కొట్టిన రోజే గట్టు మీద పడిపోయాడు. నోట్లో పురుగుమందు వాసన వచ్చింది. ఇప్పుడు ఊళ్లో ఒకటే మాట, చేను మాడ్చుకుని, ఇంట్లో మొహం చూపించలేక ఆ పురుగుమందే తాగాడని.

మీ నాన్న ఆ మాట నమ్మాడు. ప్రాణం తీసుకోవడం పాపమని, నలభయ్యోనాడు ఫాతెహా చదవడానికి గోరీ దగ్గరికి రానంటున్నాడు. చేను దున్నించేస్తానంటున్నాడు. నువ్వు మొక్కల చదువు చదువుతున్నావు గదా, ఆ చేను బతుకుతుందా? వాడు ఆఖరున ముట్టుకున్నది అదే.

నీ కోసమే ఇంత ముద్ద తింటున్న
అమ్మ.

*

బాపట్ల.

ప్రియమైన అమ్మకు,

నీ ఉత్తరం హాస్టల్ మెట్ల మీదే చదివాను. అన్న తాగాడంటే నా మనసు ఒప్పుకోవడం లేదు.

చేను దున్నించొద్దని నాన్నకి చెప్పు. గోటితో కాండం గీరి చూడు. లోపల పచ్చగా ఉంటే చిగురుస్తుంది. మన ఒంట్లో లాగే మొక్కల్లోనూ హార్మోన్లుంటాయమ్మా. పురుగుమందు ఆకులోకి దిగినప్పుడు దాన్ని విరగ్గొట్టే పనిని వాటిలో ఒకటి వేగం చేస్తుంది. మందు మరీ ఎక్కువైతే మొక్కలో ఉన్నది చాలదు. ముందే రవ్వంత బయటి నుంచి ఇస్తే తట్టుకుంటుందేమో అని మా జ్యోతిర్మయి మేడం కుండీల్లో పరీక్షిస్తున్నారు. యలమంద బాబాయ్ చేత ఆ మందుల పేర్లు ఫోన్‌లో చెప్పించు. అలాగే కలిపి కొట్టి చూస్తాను.

నీ సైమా.

*

బాపట్ల.

అమ్మా,

నీ జవాబు రాకుండానే మళ్లీ రాస్తున్నాను.

బాబాయ్ చెప్పిన మందులే కొట్టాను. ఆ సాయంత్రం కుండీల్లో మిరప మొక్కలన్నీ పచ్చగా ఉన్నాయి. మర్నాడూ అంతే. మూడోనాడు పొద్దున తలుపు తీస్తే, హార్మోను ఇవ్వని మొక్కలన్నీ మాడిపోయి ఉన్నాయి. ఇచ్చినవి అంచులు ఎండినా నిలబడ్డాయి. మేడం సంతోషపడ్డారు. నేను మాత్రం మాడినవాటి ముందే కూర్చుండిపోయాను.

అన్న పోయింది మందు కొట్టిన రోజే గదమ్మా. ఆ రోజు మన చేను కూడా పచ్చగానే ఉండుంటుంది. మాడిన ఆకు ఒక్కటి కూడా వాడు చూడలేదు. చూడనిదానికి ఎందుకు తాగుతాడు?

నోట్లో వాసన ఎలా వచ్చిందో మాత్రం తెలియడం లేదు. యలమంద బాబాయ్‌ని అడుగు.

సైమా.

*

మన ఊరు.

నా తల్లి సైమాకి,

నీ ఉత్తరం మీ నాన్నకి చదివి వినిపించాను. మళ్లీ చదవమన్నాడు. చదివాక చెప్పులైనా వేసుకోకుండా యలమంద ఇంటికి నడిచాడు. వెనకే నేనూ వెళ్లాను.

యలమంద మామూలుగానే చెప్పాడు. "ఆ రోజు స్ప్రేయర్ నాజిల్ మందు చిమ్మకుండా ఊరికే పట్టేస్తా ఉంది వదినా. తీసి నోట్లో పెట్టుకుని ఊదుతానే ఉన్నాడు. మేమందరం అట్టాగే ఊదుతాం. అదొక చెప్పే సంగతని నాకు తట్టలేదు."

ఇంటికొచ్చి అటక మీది స్ప్రేయర్ దించాం. ఇత్తడి నాజిల్ మీద పంటి గాట్లున్నాయి. చొక్కా అంతా మందుతో తడిసిపోయి, నోట్లో అది పెట్టుకుని, పొద్దస్తమానం కొట్టాడు నా బిడ్డ. ఆ మందుని విరగ్గొట్టుకోవడానికి మొక్కకి ఉన్నపాటి బలం కూడా వాడి ఒంటికి లేకపోయింది.

మీ నాన్న ఫాతెహా దాకా ఆగలేదు. అప్పుడే గోరీ దగ్గరికి వెళ్లి మట్టి మీద చెయ్యి పెట్టి, "ఒరేయ్ అయ్యా, నేను కూడా నమ్మానురా" అన్నాడు.

కాండం గీరి చూశాను. పచ్చగా ఉంది. చేను దున్నించడం లేదు.

నువ్వు కూడా మందు కొట్టానని రాశావు. అది చదివిన కాడి నుంచి నాకు కునుకు లేదు. చేతులకి తొడుగులు వేసుకో తల్లీ. నాజిల్ పట్టేస్తే అవతల పారెయ్. నోటి దగ్గరికి తీసుకురాకు.

నీ జవాబు కోసం గుమ్మంలోనే కూర్చున్న
అమ్మ.