‘నువ్వు’ అన్నందుకు బండి దించేశారట

అంబులెన్సు సేవల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఊపిరందని రోగిని ‘నువ్వు’ అన్నదన్న నేరముపై స్టోరులో కూర్చోబెట్టబడిన మా అమ్మాయిని తిరిగి బండి ఎక్కించుట గురించి.

వినయముతో, అయితే తల వంచకుండా, విన్నవించుకొనునది ఏమనగా:

1. నేను బట్టలు కుట్టి బతికినవాణ్ణి. చదువు ఏడో తరగతి. మా అమ్మాయి తమ అంబులెన్సులో రోగికి తోవలోనే చికిత్స చేసే ఉద్యోగి. ఆమె యూనిఫారానికి తొడ మీద కత్తెర జేబు నేనే కుట్టాను. ఉద్యోగం వచ్చిన రోజు అడిగినవాడికి ఒకసారి, అడగనివాడికి రెండుసార్లు చెప్పాను. మా అన్నయ్య, “ఆడపిల్లకి ఆ కూతల బండి ఉద్యోగమేంట్రా” అన్నాడు. “నీకు గుండె పట్టేసిన రోజు ఆ కూత కోసమే చెవులు రిక్కిస్తావులే” అన్నాను.

2. కిందటి నెలలో ఒక రిటైరయిన పెద్ద అధికారి గారు తన ఇంటి మెట్ల మీద ఊపిరందక కుప్పకూలారు. పెదవులు నీలం తిరిగాయట. మా అమ్మాయి ఆయన చొక్కా కత్తిరించి, ముఖానికి మాస్కు పెట్టి గాలి అందిస్తూ, “నాన్నా, కళ్ళు తెరువు. నన్ను చూడు. ఎక్కడికి పోతావు, నేనొప్పుకోను” అన్నది. ఆయన కళ్ళు తెరిచారు. కొన్నాళ్ళకు ఆసుపత్రి నుంచి తన కాళ్ళతో ఇంటికి నడిచారు. నడిచి వెళ్ళి చేసిన మొదటి పని, తనను ఏకవచనంలో పిలిచారని తమకు ఫిర్యాదు రాయడం.

3. దానిపై తమరు ‘రోగులను మీరు అనియు, గారు అనియు సంబోధింపవలెను, క్షమాపణ పత్రము సమర్పించువరకు స్టోరు విధులు’ అని మెమో ఇచ్చారు. ఆ మెమోకు అద్దం కట్టించి గోడకు తగిలించాను. చచ్చినవాళ్ళు ఫిర్యాదులు రాయరు కదయ్యా. మా పిల్ల పనితనానికి ఇంతకన్నా సర్టిఫికెట్టు ఏముంటుంది?

4. అయినా తమ ఉత్తర్వును తీసిపారేయలేదు. ఇంట్లో పరీక్షించి చూశాం. నేను నేల మీద పడుకుని కళ్ళు మూసుకున్నాను. అమ్మాయి వంగి, “సార్, మీరు దయచేసి కళ్ళు తెరవగలరా అండీ” అంది. ఎవరో బ్యాంకులో పిలిచినట్టుంది, నాకు ఆవులింత వచ్చింది. మా ఆవిడ వంటగదిలోంచి, “అలా అడిగితే మీ నాన్న కాఫీకి కూడా లేవడే” అంది. అప్పుడు అమ్మాయి, “నాన్నా, లే” అంది. నాకు తెలియకుండానే లేచి కూర్చున్నాను.

“చూశావా నాన్నా? పోయే మనిషిని ఇంట్లోవాళ్ళు పిలిచినట్టు పిలవాలి. బయటివాళ్ళు పిలిస్తే ఎవరు వెనక్కి తిరుగుతారు?” అంది. దీనికి తమ దగ్గర జవాబుంటే రాసి పంపగలరు.

5. మరొక సాక్ష్యం. ఆ అధికారి గారి భార్య, మా అమ్మాయి కత్తిరించిన ఆ చొక్కాను అతికించమని నా దగ్గరకే తెచ్చారు. నేనెవరో తెలిసే వచ్చారు. “కుర్చీ ఎక్కినప్పటి నుంచి ఆయన్ని నువ్వు అన్నవాళ్ళు లేరండీ. నేనూ అనలేదు. అంత ధైర్యం ఎవరికొచ్చిందో చూద్దామనే కళ్ళు తెరిచుంటారు” అని నవ్వారు. తర్వాత కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. అంటే మందు పనిచేసింది, రోగికి చేదుగా ఉంది, అంతే.

6. ఇప్పుడు మా అమ్మాయి స్టోరులో దూది కట్టలు సర్దుతోంది. బండి కూత వినపడితే చేతిలోది వదిలేసి సగం లేస్తుందట, మళ్ళీ కూర్చుంటుందట. క్షమాపణ పత్రం మాత్రం రాయదు. రాస్తానన్నా నేను పెన్ను దాచేస్తాను.

కావున మెమో రద్దుచేసి, మా అమ్మాయిని వెంటనే బండి ఎక్కించగలరు. ఇంతమాత్రం చిత్తగించవలెను. కాదంటే రోజూ వచ్చి తమ గుమ్మం ముందు కూర్చుంటాను, నాకు వేరే పనేమీ లేదు.

ఈ ఒక్క విషయంలో తప్ప,
తమ విధేయుడు,
ఆ అమ్మాయి నాన్న

తా.క.: తమకేమీ కాకూడదు, నిండు నూరేళ్ళు బతకాలి. ఖర్మకాలి ఎప్పుడైనా తమరు పడిపోతే, ఆ బండిలో వచ్చేది మా అమ్మాయే అయితే, “నాన్నా, కళ్ళు తెరువు” అంటుంది. అప్పుడు మర్యాద చూసుకోకు. తెరువు బాబూ.