చిన్నోడి బీరు కార్డు

అక్కయ్యకి,

నమస్కారాలు. బావగారికి కూడా చెప్పు. ఇక్కడ మేమంతా క్షేమం. ఈ మాట లేకుండా ఉత్తరం మొదలుపెట్టడం నాకు చేతకాదు కాబట్టి రాశాను. ఎంతవరకు నిజమో చివరిదాకా చదివితే నీకే తెలుస్తుంది. మధ్యలో కోపం వచ్చి పక్కన పడేయకు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. మీ మరిది మోకాలి నొప్పి తగ్గింది. మెట్లెక్కేటప్పుడు మాత్రం వీధి చివరిదాకా వినపడేలా మూలుగుతారు, నేను వెళ్ళి చెయ్యి పట్టుకోవాలని. నా బడి మామూలే. నా తరగతిలో అందరూ పసివాళ్ళు, ఒకడికి జలుబు తగ్గేసరికి ఇంకొకడికి మొదలు. నువ్వు పంపిన పేపరు అందింది. మద్యం కొట్ల మీద కొత్త చట్టం వచ్చిన రోజు మీరు తీసిన ఊరేగింపు ఫొటోలో నువ్వు ముందు వరసలో ఉన్నావు. చిన్నోడు కూడా చూశాడు. "పెద్దక్క పట్టుకున్న అట్ట మీద అక్షరాలు ఎంత వంకరగా ఉన్నాయో చూడు. నాకు ఒక్క మాట చెబితే రాసిచ్చేవాణ్ణి కదా" అన్నాడు. నలభై దాటినా మన తమ్ముడి వెటకారం తగ్గలేదు.

ఇక నీ అసలు ప్రశ్న. "చిన్నోడు తాగుడు మానేశాడా? ఇంట్లోకి చుక్క రానివ్వడం లేదు కదా?" అని రాశావు. దానికి జవాబు రాయలేకే ఈ ఉత్తరం ఇంత ఆలస్యమైంది.

మానలేదు. చుక్క కాదు, సీసాలే వస్తున్నాయి. తెస్తున్నది నేనే.

ఇక్కడికి వచ్చిన కొత్తలో బాగానే ఉన్నాడు. రంగుల డబ్బాలు ముందేసుకుని రెండు మూడు కొట్లకి బోర్డులు కూడా రాశాడు. తర్వాత ఎప్పుడు మొదలుపెట్టాడో, ఎక్కడ దొరికేదో, నాకు తెలిసేసరికి చెయ్యి దాటిపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరమ్మ చెప్పిన మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "ఇంత అలవాటైన మనిషికి ఒక్కసారిగా ఆపితే ప్రాణానికే ముప్పు. మానిపించే వార్డులో బెడ్ ఖాళీ అయ్యేదాకా బీరు మాత్రమే, కొలత ప్రకారం, మీ చేత్తో ఇవ్వండి. మెల్లగా తగ్గించుకుంటూ రండి." నేను ఆవిడని రెండుసార్లు అడిగాను, సరిగ్గానే విన్నానా అని.

అలా జీవితంలో ఎన్నడూ ఆ కొట్టు వైపు తల తిప్పని నేను దాని ముందు వరసలో నిలబడ్డాను. నా ముందు ముగ్గురు మగాళ్ళు, నా వెనక నా తరగతి పిల్లవాడి తండ్రి. ఇద్దరం ఒకరినొకరు చూడనట్టు గోడకేసి చూస్తూ నిలబడ్డాం. గోడ మీద కొత్త రూల్సు బోర్డు ఉంది. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకానే అమ్మకం, కార్డు లేనిదే సీసా లేదు, కార్డుకి రోజుకి రెండు బీర్లు, వైన్ కావాలంటే వేరే కొట్టు, ఇంట్లో నాలుగు సీసాలకు మించితే నేరం. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. చిన్నోడు రాసిన బోర్డే అది. వాడి చేతి రాతలోనే వాడికి అడ్డంకులన్నీ చదువుకుంటూ నిలబడ్డాను.

ఆ బోర్డు చివరి వరస దగ్గరకి వచ్చేసరికి రోజూ చూపు తిప్పుకుంటాను. "కార్డు రద్దయిన వ్యక్తికి కొనిచ్చినవారికి జైలు." ఇంట్లోవాళ్ళ ఫిర్యాదు మీద కార్డు రద్దు చేయవచ్చని చట్టంలో పెట్టారు కదా. చిన్నోడి కార్డు మీద మొదటి రోజే ఫిర్యాదు ఇచ్చింది నువ్వు. మంచికే ఇచ్చావు, నేను కాదనను. కానీ ఇప్పుడు రోజూ నా కార్డు మీద వాడికి బీరు కొంటున్న నేను దొంగనే. మీ మరిది కూడా కార్డుకి అర్జీ పెట్టారు. రెండు కాగితాల మీద సంతకాలు కలవలేదని తిప్పి పంపారు. ఆయన సంతకం ఆయనకే ఏనాడూ రెండుసార్లు ఒకేలా రాలేదు.

ఖాళీ సీసాలు గుడ్డలో చుట్టి, పిల్లల డ్రాయింగు కాగితాల సంచిలో పెట్టుకుని బడి దారిలో రోజుకో వీధిలో పారేస్తున్నాను. తలుపు చప్పుడైతే పోలీసులే అనుకుంటున్నాను. నిన్న పాలవాడు డబ్బు కోసం వస్తే వంటింట్లోకి పారిపోయాను.

పోయిన నెల ఓటింగుకి కొట్లు మూసినప్పుడు చట్టానికి భయపడి సరిగ్గా నాలుగు సీసాలే ఉంచాను. రెండో రోజు సాయంత్రానికి అయిపోయాయి. చిన్నోడి చేతిలో గ్లాసు పళ్ళకి కొట్టుకుంది. చొక్కా తడిసి ముద్దయింది. ఖాళీ గోడ చూపించి "చిన్నక్కా, ఆ చీమలు దులుపు" అన్నాడు. నేను నిజంగానే చీపురు తెచ్చి దులిపాను, ఇంకేం చెయ్యాలో తెలియక. మేడ మీద ఉండే పెద్దావిడ దగ్గరకి పరిగెత్తాను. మా వీధి కొట్టు ఎత్తేయాలని ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించిన మనిషి ఆవిడ. ఏమీ అడగకుండా లోపలికి వెళ్ళి నూనె డబ్బా వెనక నుంచి వైన్ సీసా తెచ్చి నా కొంగులో పెట్టింది. "మా అల్లుడు మర్చిపోయి వెళ్ళాడు, నాకేం తెలియదు, నువ్వు రాలేదు" అంది. ఆ సీసాతో ఆ గండం గడిచింది.

ఇప్పుడు ఇంకో గండం ఉంది. ఓట్ల లెక్కింపుకి గురువారం నుంచి ఆదివారం దాకా కొట్లు మూత. వార్డులో బెడ్ సోమవారం ఇస్తామన్నారు. "ఈలోపు ఫిట్స్ వస్తే తీసుకురండి" అన్నారు, రాకముందు కాదట. డాక్టరు చీటీ ఉన్న రోగికి మూత రోజుల్లో కూడా ఎక్సైజ్ ఆఫీసు వాళ్ళే ఇస్తారని తెలిసి అక్కడికి వెళ్ళాను. రోగి కార్డు రద్దయి ఉండకూడదట.

గుమస్తా కంప్యూటర్లోంచి తల ఎత్తకుండా చెప్పాడు. "ఫిర్యాదు ఇచ్చినవాళ్ళే వచ్చి సంతకం పెట్టి వెనక్కి తీసుకోవాలమ్మా. మీరేమవుతారు?"

"అక్కనండీ."

"ఫిర్యాదు ఇచ్చింది కూడా అక్కేనని ఉందే."

"ఆవిడ పెద్దక్క. నేను చిన్నక్కని."

"అయితే ఆ పెద్దక్కగారినే రమ్మనండి." అప్పుడు తల ఎత్తాడు. "ఇంతకీ కార్డు లేని మనిషికి ఇన్నాళ్ళూ ఎవరు కొనిస్తున్నారు?"

డాక్టరు చీటీ లాక్కుని, గొడుగు అక్కడే వదిలేసి వచ్చేశాను. ఆ గొడుగు మీద మా బడి పేరు ఉంది. నన్ను పట్టుకుంటే ఉద్యోగం పోతుంది. అది కాదు నా భయం. గురువారం నేను లోపల ఉంటే వాడికి కొలిచి పోసేదెవరు?

"మూడు రోజులు గదిలో పెట్టి గొళ్ళెం వేస్తే దారికొచ్చాడు, నువ్వు తీసుకెళ్ళి చెడగొట్టావు" అని ప్రతి ఉత్తరంలోనూ రాస్తావు. ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. ఇక దాచలేను అక్కయ్యా. వేసవిలో మీ ఇంట్లో మూడో రోజు వాడు కింద పడి, నాలుక కొరుక్కుని, తల పగలగొట్టుకున్నది వడదెబ్బ వల్ల కాదు. అవి ఫిట్స్. ఒక్కసారిగా ఆపేసినందుకు వచ్చాయి. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదని ఆసుపత్రి వరండాలో డాక్టరు నాకు చెప్పారు. నీకు వడదెబ్బ అని చెప్పింది నేను. అమ్మ పోయాక వాడిని చంకనేసుకుని పెంచినదానివి, నీతో ఆ మాట ఎలా అనను? నీకు తెలియదు. నాకూ అప్పటిదాకా తెలియదు. తెలిసి చేసినదానివి కాదు.

నిన్ను చట్టం మార్చమనడం లేదు, నీ ఊరేగింపులు మానమనడం లేదు. తాగుడు వల్ల ఇళ్ళు కూలడం ఇద్దరం చూశాం. బుధవారం ఆఫీసు మూసేలోపల వచ్చి ఆ ఒక్క సంతకం పెట్టు. మీ సంఘం వాళ్ళు చూస్తే ఏమనుకుంటారో నాకు తెలుసు. నువ్వు రాకపోయినా నేను ఆగను. ఎక్కడో ఒకచోట దొంగతనంగా తెస్తాను. కానీ దొరక్కపోతే, మళ్ళీ ఆ చీమలు కనిపిస్తే, ఈసారి ఎవరి తలుపు కొట్టాలో నాకు తెలియదు.

ఇంకొక్క మాట. వడదెబ్బ అని చెప్పమన్నది చిన్నోడే. నాలుక వాచి మాట సరిగ్గా రాని స్థితిలో నా చెయ్యి పట్టుకుని ఒట్టు వేయించుకున్నాడు. "పెద్దక్కకి తెలిస్తే బతకదు" అన్నాడు. ఆ ఒట్టు ఇవాళ తప్పాను. నువ్వు వచ్చాక వాడి ముందు ఏమీ తెలియనట్టే ఉండు.

ఇట్లు,
నీ రాక కోసం వీధి గుమ్మంలోనే ఉండే
చెల్లెలు