ముత్యానికి వాత పెట్టని పూట

చొప్పదండి దగ్గర మన ఇంటి నుంచి,
18-1-1961, బుధవారం.

ముత్యం బాపుకు, అనసూర్య దండాలు పెట్టి రాస్తున్నది.

ఇక్కడ నేను, అత్తమ్మ, మీ కొడుకు ముగ్గురమూ క్షేమం. ఈ మాట ఎప్పుడూ అలవాటుకొద్దీ రాసేదాన్ని. ఈసారి మాత్రం ముగ్గురినీ ఒక్కొక్కరినీ చూసుకుని మరీ రాస్తున్నాను. బెల్లంపల్లిలో మీరూ క్షేమమనే అనుకుంటాను. మీ దగ్గు సంగతి మాత్రం నమ్మను, దాని పని తరువాత పడతాను.

కలం ఆగడం లేదు నాకు! మన ముత్యం గండం గడిచి బయటపడ్డాడు. నిన్న పొద్దున వాడు అత్తమ్మ వక్కల సంచి గుంజుకుని, దాని దారం నోట్లో పెట్టుకుని, నన్ను చూసి కిలకిలా నవ్వాడు. నేను ఏడ్చాను. ఏడుస్తున్నానని అత్తమ్మ నన్ను తిట్టింది, తిడుతూ తనూ ఏడ్చింది. మీరు కంగారు పడకండి, అంతా సర్దుకున్నాకే రాస్తున్నాను. వాణ్ణి బతికించింది మీ జాబే. అదెట్లా అంటారా? వరుసగా చదివితేనే తెలుస్తుంది. మీకున్న పాడు అలవాటు కొద్దీ ముందే చివరికి పోకండి.

మీరు అడిగినవి ముందు చెబుతాను. బర్రె ఈనింది, దుడ్డె పుట్టింది, చూడచక్కగా ఉంది. చలి ఎట్లా ఉందని అడిగారు. పొద్దెక్కేదాకా ఎవరూ కుంపటి వదలడం లేదు, ఊరంతా దగ్గే. అత్తమ్మకు నాకు ఎన్ని జగడాలయ్యాయని అడిగారు. అవన్నీ రాయాలంటే ఈ కాగితం చాలదు. పెద్దది ఒక్కటే రాస్తాను.

మీరు పోయిన నెలకు టీకాలు వేయడానికి ఒక నర్సమ్మ వచ్చింది. పేరు తారాబాయి, ఆదిలాబాద్ దిక్కు మనిషి. మన అరుగు మీదే కూర్చుంది. పిల్లలకు చలికాలం వచ్చే జబ్బుల గురించి నేను ఒకటే అడగడం. "అగ బాయి! నన్ను దినమంత గిక్కడ్నే కూసోబెడ్తవా ఏంది?" అని నవ్వింది. నవ్వినా అన్నీ చెప్పింది.

"దగ్గులన్నీ ఒక్కటి గావమ్మా. పడిశం బట్టిన పిలగాడు ముక్కు కారుకుంటనే ఆడ్తడు, పాలు తాగుతడు. గది వారం దినాలల్ల పోతది, మందెందుకు? పెద్దోళ్లకు ఒక్కపారే జరమొచ్చి, ఒళ్లంత ఇరగ్గొట్టినట్లయి, తలకాయ పలుగుతుంటే గది ఫ్లూ. పండుకోవాలె, గంజి, నీళ్లు మస్తుగ తాగాలె. గని చంటిపోరనికి శ్వాస జోరుగ ఆడుకుంట, డొక్కలు లోపటికి గుంజుతుంటే, ముక్కుపుటాలు ఎగురుతుంటే, పాలు పట్టకపోతే, ఇగ ఒక్క గడియ ఇంట్ల ఉంచద్దు. సీదా దవాఖానకే."

ఈ మాటలన్నీ నాకు పాఠంలా నోటికి వచ్చేశాయి. మీ అనసూర్య ఏడు తరగతులు ఊరికే చదివిందనుకున్నారా?

కిందటి వారం సోమవారం ముత్యానికి ముక్కు కారడం మొదలైంది. ఆడుతున్నాడు, పాలు తాగుతున్నాడు. పడిశమే అనుకున్నాను. మెత్తని బట్టతో ముక్కు తుడుస్తూ, పొయ్యి పొగకు దూరంగా పడుకోబెట్టాను. పక్కింటి యాదవ్వ కూడా అప్పటికే చీదుతూ ఉంది. వాణ్ణి ఎత్తుకోబోతే "నీ పడిశం తగ్గినంక ఎత్తుకో చిన్నమ్మా" అన్నాను. మూతి ముడుచుకుని పోయింది. అత్తమ్మకు ఎప్పటిలాగే చలికి దమ్ము లేచింది. జ్వరం లేదు, పిల్లికూతల ఊపిరి. పొయ్యి దగ్గరికి రావద్దని ఆమెను బయట ఎండలో కూర్చోబెట్టి వంట నేనే చేశాను. కోడలు మహారాణిలా తనను వంటింట్లోంచి తరిమేసిందని ఆమె ఊరంతా చెప్పుకుంది, అది వేరే జగడం.

గురువారం పొద్దున చూద్దును కదా, వాడి ఒళ్లు కాలిపోతోంది. రొమ్ము పట్టడం లేదు. అంగీ ఎత్తి చూశాను. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం గుంట పడుతోంది, ముక్కుపుటాలు ఎగురుతున్నాయి. తారాబాయి చెప్పినవన్నీ ఒక్కటి తప్పకుండా నా కళ్లముందే ఉన్నాయి.

నేను దవాఖాన అనేలోగానే అత్తమ్మ పసుపుకొమ్ము నిప్పులో పెట్టింది. మీకు తెలుసు కదా, డొక్కలెగరేసే పిల్లలకు వాతలు పెట్టడంలో చుట్టుపక్కల నాలుగూళ్లలో మీ అమ్మదే పేరు.

"ఏందే, సూసుకుంట నిలబడ్డవ్? పోరనికి డబ్బా జబ్బు లేసింది. జర కాళ్లు పట్టు, రెండు వాతలు పెడ్త."

"వద్దత్తమ్మా, దవాఖానకు పోదాం."

"దవాఖానలేం జేస్తరే? నీ మొగడు ఏం తోని బతికిండనుకున్నవ్? గిట్లనే డొక్కలెగరేస్తుంటే గీ చేతితోనే పెట్టిన. పోయి వాని పొట్ట సూడు!"

మీ పొట్ట మీది రెండు మచ్చలు నాకు తెలియవా? ఆ మచ్చల ముందు నేనెంత, నా ఏడో తరగతి ఎంత? పిల్లవాణ్ణి గుండెకు అదుముకుని గోడకు ఆనుకున్నాను. ఆమె కొమ్ము చేతిలో పట్టుకుని దగ్గరికి వచ్చింది. సరిగ్గా అప్పుడే వాకిట్లో టపాలాయన కేక వేశాడు. మీ జాబు వచ్చింది.

అత్తమ్మ ఎంత పనిలో ఉన్నా మీ జాబు వినకుండా ఉండదు కదా. "సదువు, జల్ది సదువు" అంది. చదివాను. విన్నది. కొమ్మును బూడిదలో గుచ్చి, చీర చెంగు దులుపుకుని, "సిద్దిరాములును బండి కట్టుమను" అంది.

బండి మీద చొప్పదండికి, అక్కడ బస్సెక్కి కరీంనగరం దవాఖానకు. చీటీ రాసే ఆయన "పిలగాని తండ్రి పేరేంది?" అని అడిగితే నేను నోరు తెరవలేదు. మీ పేరు నేనెట్లా పలుకుతాను? ఆయన విసుక్కుంటున్నాడు. వెనక నుంచి అత్తమ్మ "సారయ్య! నా కొడుకు సారయ్య!" అని దవాఖాన అదిరేటట్టు అరిచింది. అంత ఆపదలోనూ నవ్వు వచ్చింది నాకు. డాక్టరు వాడి రొమ్ముకు గొట్టం పెట్టి విని, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందన్నాడు. పెన్సిలిన్ సూదిమందు మొదలుపెట్టారు. మూడో రోజుకు వాడు పాల కోసం గుక్కపెట్టి ఏడ్చాడు. అబ్బ, ఆ ఏడుపు ఎంత తియ్యగా ఉందో! మొన్న సోమవారం ఇంటికి వచ్చాము.

ఇప్పుడు మీ వంతు. దగ్గు మొదలై ఇరవై రోజులైందని రాసి, "ఏం లేదు, బొగ్గుబాయి దుమ్ము" అని తీర్పు కూడా మీరే చెప్పేశారు. తమరు ఎప్పుడు డాక్టరయ్యారు? మూడు వారాలు దాటిన దగ్గును పడిశమనరు. సాయంత్రాలు జ్వరం తగులుతోందా? మొలతాడు వదులైందా? కళ్లెలో ఎర్ర జీర కనిపించిందా? ఉన్నా లేకపోయినా మీ గని దవాఖానకు పోయి ఛాతీ ఫోటో తీయించుకోండి. బీడీ మానండి. వేడి నీళ్లు తాగండి, ఉప్పు నీళ్లు పుక్కిలించండి. దగ్గేటప్పుడు తువాల అడ్డం పెట్టుకోండి. మీ గదిలో ఉండే అంబదాస్‌తో ఒకే గ్లాసులో చాయ్ తాగడం చాలించండి. ఫికర్ పడి రాస్తున్నాను, నవ్వి పారేయకండి.

ఇక అసలు మాట. ఇంతసేపూ దీన్ని పక్కకు పెడుతూ వచ్చాను.

మీ జాబులో ఏముందో మీకు తెలుసు. బర్రె, చలి, జగడాలు, దగ్గు. చివర "పిల్లవాడు జాగ్రత్త" అని ఒక్క ముక్క. దాని కింద కాగితం ఖాళీ. నేను ఆ ఖాళీని చదివాను. మీరు రాయని మాటలు మీరు రాసినట్టే చదివాను. "అవ్వా, ముత్యానికి జబ్బు జేస్తే వాతలు పెట్టకు. నాకు పెట్టిన వాతల మంట నాకింకా యాదికున్నది. దవాఖానకు తీస్కపో. గిది నీ కొడుకు మాట." నేను వద్దంటే ఆమె వినదు, డాక్టరు వద్దన్నా వినదు. ఆ వాతలు తిన్న మీరు వద్దంటేనే వింటుంది. ఇంకేమీ తోచలేదు నాకు. బస్సులో మళ్లీ చదవమంది. ఒక్క మాట తేడా రాకుండా మళ్లీ అదే చదివాను.

పిల్లవాడు దక్కాడు, అందుకు నాకు పశ్చాత్తాపం లేదు. ఇంకో మేలూ జరిగింది. నిన్న కిష్టవ్వ తన మనవణ్ణి వాతలకని తెచ్చింది. అత్తమ్మ మీ జాబు చూపించి, "నా కొడుకు వద్దని రాసిండు, దవాఖానకు తోల్కపో" అని పంపించేసింది. వచ్చేవారం బడి పంతులు పర్శరాములు వస్తే చదివించి అందరికీ వినిపిస్తుందట. నా గుట్టు రట్టవుతుందని భయం ఉంది. కానీ నా బాధ అది కాదు.

దవాఖానలో ముత్యం నిద్రపోయాక ఆమె నన్ను అడిగింది. "వానికి గంత మంటైందానే? ఇన్నేండ్లు మనసుల పెట్టుకున్నడా? వాడు బతకాల్ననే నేను పెడ్తి గద." అప్పటి నుంచి రోజూ అడుగుతోంది. అప్పటి నెలల పిల్లవాడు మీరు, మీకేం గుర్తుంటుంది? ఆ మంట నేను పుట్టించింది. నా కొడుకును కాపాడుకోవడానికి ఆమె కొడుకు నోట్లో ఆ మాట పెట్టాను.

నన్ను తిట్టాలంటే ఇంటికి వచ్చి తిట్టండి. ముందు ఈ జాబు అందిన రోజే ఆమెకు ఒక జాబు రాయండి. వాతలు ఇంకెవరికీ పెట్టొద్దని రాయండి. దాని కిందే, నీ మీద నాకు కోపం లేదవ్వా, నువ్వు నన్ను బతికించుకోవాలనే చేశావు అని రాయండి. ఈసారి ఉన్నది ఉన్నట్టు చదువుతాను.

ఇట్లు,
మీ ముత్యం అవ్వ,
అనసూర్య