బంగారం తూచే త్రాసు

అన్నయ్యా,

నీ కొట్లో బంగారం తూచే చిన్న త్రాసు తెమ్మని పోయిన ఉత్తరంలో రాశాను కదా. పాపకు బ్లడ్ కాన్సర్‌కని వేస్తున్న మాత్రే దాని ఒంట్లో విషమైందని జన్యు పరీక్షలో తేలింది. ఆ మందును అరాయించుకునే శక్తి దానికి పుట్టుకతోనే లేదట. ఆ లోపం సగం నా నుంచి, సగం మీ బావగారి నుంచి వచ్చిందట. దాని ముక్కు ఎవరి పోలికని మా అత్తగారితో ఎంత వాదులాడానో! ఇందులో మాత్రం ఇద్దరికీ సమాన వాటా.

మాత్రలో పదో వంతు చాలన్నారు డాక్టరమ్మ. బ్లేడుతో కోస్తే పొడైపోతోందని త్రాసు అడిగాను. ఈలోగా, ఆ విషం దిగేదాకా అని మందు ఆపిన రోజుల్లోనే జబ్బు తిరగబెట్టింది.

"ఎంత వెయ్యాలో తెలిసిందిగా, వెయ్యండి" అని కాళ్లావేళ్లా పడ్డాను.

"ఇక ఆ మందు పనిచెయ్యదమ్మా" అని ఆవిడ తల దించుకున్నారు. రేపోమాపో ఇంటికి పంపేస్తారు.

త్రాసు వద్దని రాద్దామనే కూర్చున్నాను. నువ్వొస్తున్నావని చెప్పగానే పాప కళ్లు తెరిచింది.

"మావయ్య త్రాసు తెస్తాడా? అప్పుడు కొట్లో నన్ను దాంట్లో తూచమంటే, లావుగా ఉన్నానని తూచనన్నాడు. ఇప్పుడు సరిపోతాను" అంది.

త్రాసు తీసుకురా అన్నయ్యా.

నీ చెల్లెలు